సముద్రపు కొండగట్టు మీద అడవిపూలను పోల్చుకోవడం ఎలా?

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, పాయింట్ రేయెస్ తీరంలో, సముద్రపు కొండగట్టు మీద చిమ్నీ రాక్ ట్రైల్ అనే కాలిబాట ఉంది. రానూపోనూ 3 కిలోమీటర్లకు కాస్త తక్కువే. వసంతంలో అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే ఎక్కడికి తీసుకెళ్లాలని బే ఏరియాలో ఎవరడిగినా నేను ఈ చోటే చెబుతాను.

ముందు వేళ చూసుకోండి. మార్చి నుంచి మే దాకా పూలుంటాయి. తెల్లారగట్టే వెళ్తే లాభం లేదు. కాలిఫోర్నియా పాపీ ఎండ తగిలితేనే విప్పుకుంటుంది, మబ్బు పట్టినా చలిగాలి వీచినా ముడుచుకుపోతుంది. పొద్దున పది దాటాక, పొగమంచు విడిచిన రోజు బయల్దేరండి. గాలి చాలా గట్టిగా వీస్తుంది, ఎండ కాస్తున్నా జాకెట్ ఉండాల్సిందే.

అక్కడికి చేరాక చూపు నేల మీదికి దించండి. ఆ ఉప్పుగాలికి మొక్కలు నేలను కరుచుకుని పెరుగుతాయి. ట్రైల్ మీదే ఆగి, గొంతుక్కూర్చుని చూడాలి.

ఇప్పుడు అసలు పని. పేర్ల జోలికి వెళ్లకుండా రేకులు లెక్కపెట్టండి, ఆకు చూడండి, ఇది మన పెరట్లో దేనికి చుట్టమో ఆలోచించండి. నాకీ పద్ధతి మా అమ్మ వల్లే తెలిసింది. గులాబీరంగు చెకర్‌బ్లూమ్‌ని చూడగానే "ఇది బెండపువ్వులా ఉందే" అంది. నిజంగానే అది బెండ, మందారాల కుటుంబం: 5 రేకులు, మధ్యలో కేసరాలన్నీ కలిసి ఒకే కాడగా నిలబడతాయి. నారింజరంగులో 4 రేకులుంటే పాపీ, మన గసగసాల చుట్టం. 1903 నుంచి అదే కాలిఫోర్నియా రాష్ట్ర పుష్పం. చిక్కుడుపూల లాంటి గుత్తి, చాచిన వేళ్లలాంటి ఆకు ఉంటే లూపిన్. చిన్న పసుపు చామంతిలా ఉండి రేకుల కొసలు తెల్లగా ఉంటే టైడీ టిప్స్. ఊదారంగు డగ్లస్ ఐరిస్ కుంకుమపువ్వు కుటుంబం. నేలకు అతుక్కున్న పసుపుపచ్చని ఫుట్‌స్టెప్స్ ఆఫ్ స్ప్రింగ్ అయితే కొత్తిమీరకు చుట్టమంటే నేను మొదట నమ్మలేదు!

లావుపాటి రసం ఆకులతో పరుచుకున్న ఐస్ ప్లాంట్ పువ్వు అందంగానే ఉంటుంది గానీ దాన్ని లెక్కలో వేసుకోకండి. దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన ఆ మొక్క స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేస్తోంది.

మూడేసి ఆకులతో నిగనిగలాడే పొద కనిపిస్తే ముట్టుకోకండి. ఈ తీరమంతా ఉండే పాయిజన్ ఓక్ తగిలితే దద్దుర్లు, దురద. పువ్వు కోసమని అంచుకీ వెళ్లొద్దు. 2015 మార్చిలో ఇదే పాయింట్ రేయెస్ పార్కులో ఆర్చ్ రాక్ దగ్గర అంచు కూలి ఒక మనిషి ప్రాణం పోయింది. జడలో పెట్టుకోవడానికైనా ఒక్క పువ్వూ కోయకూడదు, అది నేషనల్ పార్కుల నియమం.

ఫొటోలు మాత్రం మూడేసి తీయండి: పువ్వు ఎదురుగా, పక్కనుంచి, ఆకు విడిగా. అక్కడ ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం, పేర్లు ఇంటికొచ్చాకే వెతుక్కోవాలి. ఆకు ఫొటో లేకపోతే లూపిన్లలో ఏది ఏదో తేల్చుకోవడం చాలా కష్టం.