రెడ్ వైన్ రుచి చూద్దాం – 4వ పాఠం: బరోలో వగరు, బరోలో వయసు

గత మూడు పాఠాల్లో గ్లాసు పట్టుకోవడం, రంగు చూడటం, వాసన పట్టడం అయ్యాయి. ఇక నోటికి పని చెప్పాలి. ఈ పాఠానికి తేలికపాటి వైన్ పనికిరాదు కాబట్టి బరోలో తీసుకుంటున్నాను. ఇటలీలో వాయవ్య మూల పీడ్‌మాంట్ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఆల్బా పట్టణం దగ్గరి లాంగె కొండల్లో 11 ఊళ్ల పరిధిలో పండిన నెబ్బియోలో ద్రాక్షతోనే బరోలో చేయాలి. ఇంకో రకం ద్రాక్ష కలిపితే ఆ పేరు పెట్టుకోనివ్వరు.

రంగు గురించి రెండో పాఠంలో చెప్పినదానికి ఇక్కడ ఒక సవరణ ఉంది. ముదురు రంగుంటేనే బరువైన వైన్ అని లెక్కేసుకుంటే బరోలో దగ్గర బోల్తా పడతారు. గ్లాసు వంచి కింద న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు చదవొచ్చు, అంత పలచటి రంగు. నోట్లో పోసుకుంటే మాత్రం నిండుగా, బరువుగా ఉంటుంది. ఆల్కహాల్ కనీసం 13 శాతం ఉండాలని నిబంధన, ఈ మధ్య వస్తున్నవాటిలో 14 మామూలే. రంగు ద్రాక్ష తొక్కలోని వర్ణద్రవ్యం సంగతి. ‘బాడీ’ అనేది ఆల్కహాల్, టానిన్ (ద్రాక్ష తొక్క, గింజల నుంచి దిగే వగరు పదార్థం), రసంలో కరిగి ఉన్న మిగతా పదార్థాలన్నీ కలిసి నాలుక మీద వేసే బరువు. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని ఊహించకండి.

మన దగ్గర బరోలో ఖరీదు చూస్తే గుండె గుభేల్‌మంటుంది. నేర్చుకోవడానికి ‘లాంగె నెబ్బియోలో’ అని లేబుల్ ఉన్న సీసా చాలు. ద్రాక్ష అదే, చాలాసార్లు చేసేవాళ్లూ వాళ్లే, ధర బాగా తక్కువ. విదేశాల నుంచి వచ్చేవాళ్లకి చెప్పి తెప్పించుకున్నా సరే.

సీసా తెరవకముందు టీతో ఒక కసరత్తు చేయాలి. మూడు కప్పులు పెట్టుకోండి. మొదటిదాంట్లో పాలు, పంచదార లేకుండా టీ పొడిని పది నిమిషాలు నాననిచ్చి వడగట్టిన డికాషన్. రెండోదాంట్లో నిమ్మరసం పిండిన నీళ్లు. మూడోదాంట్లో పలచటి టీలో నిమ్మరసం, పంచదార. మొదటి కప్పు గుక్క పట్టి ఉమ్మేశాక నాలుకతో చిగుళ్లు తడమండి. గరుకుగా, తడి ఆరిపోయినట్టు ఉంటుంది. నేరేడు పళ్లు తిన్నాక నోరు పట్టేసినట్టు ఉంటుందే, అదే. టానిన్ చేసే పని ఇది. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లను టానిన్ పట్టేసి ముద్ద కట్టిస్తుంది, దాంతో జారుడు పోతుంది. రెండో కప్పు దీనికి పూర్తిగా ఎదురు. ఉమ్మేశాక తల కొంచెం కిందికి వంచండి, నాలుక కింద, బుగ్గల లోపల నీళ్లు ఊరతాయి. ఎంత తొందరగా ఊరితే అంత పులుపు. మూడో కప్పులో తీపి వచ్చి ఆ రెంటినీ ఎలా అణిచేస్తుందో గమనించండి. బరోలోలో పంచదార దాదాపు ఉండదు కాబట్టి అణిచేవాడు ఎవడూ లేడు. వగరు, పులుపు రెండూ పచ్చిగా తగులుతాయి. మొదటిసారి తాగిన చాలామంది ‘ఇదేం వైన్ బాబోయ్’ అనడానికి కారణం అదే.

ఇప్పుడు సీసా. ‘రెడ్ వైన్ గది వేడిలో తాగాలి’ అన్న మాట చలిదేశాల ఇళ్లను చూసి పుట్టింది. విజయవాడలో ఏప్రిల్ నెల గదికి అది వర్తించదు. మనకు కావలసింది 16 నుంచి 18 డిగ్రీలు, కాబట్టి తెరిచే ముందు ఒక గంటన్నరో రెండు గంటలో ఫ్రిజ్‌లో పెట్టండి. ఎక్కువ వేడిగా ఉంటే ఆల్కహాల్ ముక్కులో గుచ్చుతుంది. మరీ చల్లగా ఉంటే వగరు ఇంకా మొరటుగా తగులుతుంది.

ఒక పెద్ద చెంచాడు నోట్లోకి తీసుకోండి. పెదవుల సందులోంచి కాస్త గాలి పీలుస్తూ చిగుళ్లకీ బుగ్గలకీ తగిలేలా తిప్పండి. పదంకెలు లెక్కపెట్టి ఉమ్మేయండి. ఉమ్మడానికి మొహమాటపడకండి. వైన్‌తో బతికేవాళ్లంతా ఉమ్మేస్తారు, లేకపోతే నాలుగో గ్లాసుకి నోటికీ బుర్రకీ సంబంధం ఉండదు. తర్వాత మూడు విషయాలు కాగితం మీద రాయండి. వగరు ఎక్కడ పట్టింది, ముతకగానా, సన్నటి పొడిలానా? పులుపుకి నీళ్లు ఎంత త్వరగా ఊరాయి? ఈ రెండూ తగ్గాక పండు రుచి ఇంకా నోట్లో ఉందా, ఉంటే ఎంతసేపు?

మూడో ప్రశ్నే అసలు ప్రశ్న. వయసు లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

సీసాలో ఏళ్లు గడుస్తుంటే టానిన్లు, వర్ణద్రవ్యాలు ఒకదానితో ఒకటి కలిసి పెద్ద అణువులవుతాయి. కొన్ని అడుగున మడ్డిగా దిగుతాయి. వగరు మెత్తబడుతుంది, రంగు అంచుల్లో ఇటుక రంగుకి తిరుగుతుంది. చెర్రీ, తాజా గులాబీ, తారు వాసనలుగా మొదలైనది ఎండు గులాబీ రేకులు, తోలు, పొగాకు, తడి మన్ను, పుట్టగొడుగుల వైపు నడుస్తుంది. పులుపు మాత్రం పెద్దగా తగ్గదు. పండు రుచి తగ్గుతూ పోతుంది. అంటే దాచడంలో లాభంతో పాటు నష్టమూ ఉంది. వగరు దిగేలోపు పండు అయిపోతే చివరికి మిగిలేది పులుసు నీళ్లు. ‘వగరు బాగా ఉంది కాబట్టి పదేళ్లు దాచొచ్చు’ అని షాపులో ఎవరైనా అంటే నమ్మకండి. వగరు, పులుపు, పండు మూడూ దండిగా ఉంటేనే దాచాలి. నన్నడిగితే అమ్మకానికి వచ్చే రెడ్ వైన్లలో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో తాగేయాల్సినవే.

బరోలో విషయంలో చట్టమే కొంత ఎదురుచూడమంటుంది. కోసిన ఏడాది నవంబరు 1 నుంచి 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలో. లేబుల్ మీద ‘రిజర్వా’ (ఎక్కువకాలం ఆపి ఉంచినది) అని రాయాలంటే 62 నెలలు. పీపా ఏది అన్నదాని మీద పెద్ద గొడవే జరిగింది. పాతకాలం వాళ్లు వారాల తరబడి తొక్కలతో నానబెట్టి, వైన్‌కి చెక్క వాసన అంటించని పెద్ద పాత పీపాల్లో ఉంచేవాళ్లు. ఆ వైన్ తాగాలంటే చాలా ఏళ్లు ఆగాలి. ఎలియో అల్తారె అనే కుర్రాడు ఫ్రాన్సు వెళ్లి చూసొచ్చి, 1980ల్లో తండ్రి పాత పీపాలను రంపంతో కోసి పారేసి, ‘బరీక్’ అనే చిన్న కొత్త పీపాలు తెచ్చాడు. తండ్రి ఆస్తి ఇవ్వలేదు. మరోపక్క బార్తోలో మస్కరెల్లో అనే పెద్దాయన తన లేబుల్ మీద ‘బరీక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు’ అని రాసుకున్నాడు (బెర్లుస్కోనీ ఇటలీ రాజకీయ నాయకుడు). ఇప్పుడు చాలామంది నడిమి దారిలో ఉన్నారు. మీకు కావలసిన సంగతి ఏమిటంటే, కొత్త చిన్న పీపా వాడితే లవంగం, వెనిలా వాసనలు, చెక్క నుంచి కొంత అదనపు వగరు వస్తాయి. నా మొగ్గు పాత పద్ధతికే. నెబ్బియోలో గులాబీ వాసన మీద వెనిలా పూత నాకు నచ్చదు.

ద్రాక్ష కోసిన ఏడాది కూడా చూసుకోవాలి. 2010, 2016 గట్టి చేవ ఉన్న పంటలు. మంచి చేయి పడిన 2016 బరోలో ఇరవై ఏళ్లకు పైగా నిలుస్తుంది. 2017 వేడి ఏడాది, కాస్త ముందే తాగడానికి బాగుంటుంది.

ఇంట్లో వయసు అంటే ఏమిటో కొద్దిగా రుచి చూసే ఉపాయం ఒకటుంది. తెరిచిన సీసాలో మూడో వంతు తాగి కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు, ఎల్లుండి బయటికి తీసి అదే మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. రెండో రోజు వగరు సర్దుకుని పండు ముందుకొస్తే ఆ వైన్‌కి ఓపిక ఉన్నట్టు. రెండో రోజుకే నీరసపడితే అదే రకం ఇంకో సీసా దాచొద్దు. గాలి తగిలి మారడం, మూసిన సీసాలో ఏళ్ల తరబడి మారడం ఒకటి కాదు కాబట్టి దీన్ని జాతకంలా తీసుకోకండి, సూచనగా చూడండి.

దాచాలంటే 12–14 డిగ్రీలు, చీకటి, కుదుపులు లేని చోటు, కార్క్ తడిగా ఉండేలా సీసా పడుకోబెట్టడం. అమెరికాలో చల్లటి బేస్‌మెంట్ ఉన్నవాళ్లకి పని సులువు. హైదరాబాద్‌లో వంటింటి అటక మీద పెట్టారంటే ఒక్క మే నెలలో కథ ముగుస్తుంది. కార్క్ పైకి తన్నుకొచ్చి మూతి దగ్గర జిగురు కనిపిస్తే, వాసన ఉడికిన పండులా ఉంటే వేడికి పోయినట్టే. చిన్న వైన్ కూలర్ లేకపోతే ఏళ్ల తరబడి దాచే ఆలోచన మానుకోవడమే మంచిది. కొన్ని నెలలకైతే మామూలు ఫ్రిజ్ కింది అర చాలు.

ముసలి సీసా తెరిచేటప్పుడు ముందురోజే నిలబెట్టండి, మడ్డి దిగుతుంది. మెడ వెనక ఫోన్ టార్చ్ పెట్టి నెమ్మదిగా వంపుతూ, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి. కుర్ర బరోలో అయితే జగ్గులోకి వంపి రెండు మూడు గంటలు గాలికి వదలండి. ముసలిదాన్ని అంతసేపు ఉంచకండి, ఉన్న కాస్త వాసనా ఎగిరిపోతుంది.

తిండి సంగతి క్లుప్తంగా. పీడ్‌మాంట్ వాళ్లు దీన్ని బరోలోలోనే ఉడికించిన గొడ్డు మాంసంతో తాగుతారు. మాంసం ప్రోటీన్, కొవ్వు టానిన్‌ని పట్టుకుంటాయి, నోరు తేలికపడుతుంది. కారం తక్కువ వేసిన మటన్ వేపుడుతోనో, గట్టి చీజ్ ముక్కతోనో ఇది మీరే చూడొచ్చు. గోంగూర మటన్ వద్దు. కారానికి ఆల్కహాల్ మండుతుంది, వగరు రెట్టింపవుతుంది, రెండూ పాడవుతాయి.

వచ్చే పాఠంలోపు చేయాల్సినవి: టీ కసరత్తు రెండుసార్లు, ఒక నెబ్బియోలో సీసా మూడు రోజులు, రోజుకి మూడు జవాబులు. ఖాళీ సీసా పారేయకండి. 5వ పాఠంలో దాని లేబుల్‌నే చదువుతాం.