పోత ఇనప పెనానికి నూనె పూత ఎలా కాల్చాలి?

పోత ఇనప పెనం ముచ్చటపడి కొనుక్కుని, నెల తిరక్కుండానే "అట్టు లేవట్లేదు" అని అటకెక్కించేస్తారు. అలాంటివి ఇప్పటికి ఇరవైకి పైగా బాగుచేసి ఇచ్చాను. దాదాపు అన్నిట్లోనూ ఒకటే తప్పు, నూనె ఎక్కువ పూయడం.

కావలసినవి కొంచెమే. పెనం, రెండు చెంచాల నూనె, రెండు పాత నూలు గుడ్డలు, ఓటీజీ (కరెంటుతో పనిచేసే చిన్న ఓవెన్). టిష్యూ పేపరు వద్దు, పెనం మీద నూగు వదులుతుంది.

కొత్త పెనానికి తుప్పు పట్టకుండా మైనమో నూనో పూసి అమ్ముతారు. వేడినీళ్లు, సబ్బు, పీచుతో రెండుసార్లు తోమండి. గంజిలో మూడు రోజులు నానబెట్టడం మన ఇళ్లలో అలవాటే గానీ, దానివల్ల పాత జిడ్డు వదలచ్చేమో, కొత్త పూత మాత్రం ఏర్పడదు. పైగా తుప్పు లేస్తుంది. నేనైతే ఆ పని చేయను, మిమ్మల్నీ చేయనివ్వను. కడిగిన వెంటనే సన్న సెగ మీద ఐదు నిమిషాలు పెట్టి తడి పూర్తిగా ఆరనివ్వండి.

నూనె అంటే రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె, అంతే. పల్చటి నూనె పొర బాగా వేడెక్కితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కణాలు ఒకదానికొకటి పెనవేసుకుని గట్టి పొరగా మారతాయి. మనకు కావలసిన నల్లటి పూత అదే. కొబ్బరి నూనె, నెయ్యిలో ఉండేది ఎక్కువగా సంతృప్త కొవ్వు కాబట్టి అవి అంత గట్టిపడవు. అవిసె నూనె పూత మొదట అద్దంలా మెరుస్తుంది, తర్వాత పెచ్చులుగా ఊడి అట్టుకు అంటుకుంటుంది. నా చేతులతో గీకిన పెనాలున్నాయి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇక అసలు పని, నూనె పూయడం కాదు, తుడవడం. ఇక్కడ తొందరపడకండి.

పెనాన్ని ఓటీజీలో 100 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేసి, మందపాటి గుడ్డతో పట్టుకుని బయటకు తీయండి. అర చెంచా నూనె వేసి లోపల, వెనక, అంచులు, పిడి, అన్నిచోట్లా రుద్దండి. ఇప్పుడు రెండో గుడ్డ, పొడిది, తీసుకుని పొరపాటున పడ్డ నూనెను పోగొడుతున్నట్టు మొత్తం తుడిచేయండి. నూనంతా పోయిందే అనిపిస్తుంది. పోదు. ఇనుము గరుకులో ఉండిపోయేది చాలు.

మళ్లీ పది నిమిషాలు లోపల పెట్టి తీసి చూడండి. వేడికి నూనె జరిగి చిన్న చిన్న బొట్లుగా చేరి ఉంటుంది, ముఖ్యంగా పిడి మొదట్లో, అంచు మలుపులో. వాటినీ తుడిచేయండి. ఈ రెండో తుడుపు ఎగ్గొట్టినవాళ్ల పెనం మీద తేనెరంగు చుక్కలు ఎండిన బెల్లం పాకంలా గట్టిపడతాయి. గోరుతో నొక్కితే జిగురుగా దిగుతుంది. అలాంటి చోట అట్టు చిరగక మానదు. అంత దాకా వస్తే స్టీలు పీచుతో గీకి మొదటికి రావాల్సిందే.

తర్వాత పెనాన్ని బోర్లించి, 230 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చండి. పొగ వస్తుంది, కిటికీలు తీసి ఉంచండి. స్విచ్ కట్టేసి లోపలే చల్లారనివ్వండి. వేడి పెనం మీద చన్నీళ్లు పోస్తే పోత ఇనుము పగిలిపోగలదు. ఇలా నాలుగుసార్లు. రెండుకే ఆపేస్తే గోధుమరంగులో ఉంటుంది, అది నాకు సరిపోదు.

ఓటీజీ లేనివాళ్లు పొయ్యి మీద చేయచ్చు. కానీ మంట నడుమే తగిలి అక్కడ నల్లటి వలయం పడుతుంది, అంచులు పచ్చిగానే మిగులుతాయి. రెండు నిమిషాలకోసారి పెనాన్ని పక్కకు జరుపుతూ అంచులను కూడా కాల్చాలి.

మొదటి వారం అట్ల జోలికి పోకండి. ఉల్లిపాయలో, బెండకాయలో కాస్త ఎక్కువ నూనెతో వేయించండి. ఎనిమిదో రోజున సగానికి కోసిన ఉల్లిపాయతో పెనమంతా రుద్ది పిండి పోయండి. మూకుడుకూ ఇదే పద్ధతి, కాకపోతే అందులో ఆరు నెలలదాకా చింతపండు పులుసు, టమాటా కూర వండద్దు. పులుపు పూతను తినేస్తుంది.