బరువైన టూరింగ్ క్రూజర్: కొనే ముందు, కొన్నాక

టూరింగ్ క్రూజర్, అంటే దూర ప్రయాణాల కోసం చేసిన బరువైన మోటారుసైకిల్, కొనాలనుకుంటే దాన్ని హైవే మీద నడిపి నిర్ణయం తీసుకోకండి. హైవే మీద నచ్చని టూరింగ్ క్రూజర్‌ను నేను ఇంతవరకు చూడలేదు. గంటకు తొంభై దాటాక ఆ బరువంతా సుఖంగా మారిపోతుంది. పక్కనుంచి లారీ దూసుకుపోయినా బండి తొణకదు. పై గేరులో ఇంజను తాపీగా తిరుగుతుంటుంది, ముందున్న వాహనాన్ని దాటడానికి చాలాసార్లు గేరు కూడా దించనక్కర్లేదు. ఈ బండ్ల మీద జనానికి మోజు ఊరికే రాలేదు.

అయితే ప్రతి ప్రయాణానికీ మొదటి పది అడుగులు, చివరి పది అడుగులు ఉంటాయి. అక్కడ బరువు బరువే. హోండా గోల్డ్‌వింగ్ టూర్ 380 కిలోల చుట్టుపక్కల తూగుతుంది. బీఎండబ్ల్యూ ఆర్18 ట్రాన్స్‌కాంటినెంటల్ అయితే 427 కిలోలు. అందుకే ముందు ఇంజను ఆపి ఉంచి బండిని పరీక్షించమంటాను.

సైడ్ స్టాండు మీది బండిని కూర్చుని నిటారుగా లేపండి. సీటు ఎత్తు అంకె చూసి మోసపోవద్దు. ఎత్తు 70 సెంటీమీటర్ల దగ్గరే ఉన్నా సీటు వెడల్పుగా ఉంటుంది, ఆ వెడల్పు కాళ్లను పక్కలకు నెట్టేస్తుంది. మునివేళ్లు ఆనితే చాలదు, రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. తర్వాత దిగి ఎడమ పక్కన నిలబడండి. బండిని తుంటికి ఆనించుకుని, కుడి చేతి వేళ్లు ముందు బ్రేకు మీద ఉంచి, పది అడుగులు వెనక్కి నడిపించండి. మళ్లీ ఎక్కి హ్యాండిల్‌ను చివరికంటా కుడివైపు తిప్పండి. క్లచ్ పట్టుకున్న ఎడమ చెయ్యి ఎంతవరకు సాగిందో చూసుకోండి. భుజం సీటు మీంచి ముందుకు లాగేస్తుంటే ఆ హ్యాండిల్ మీకు పనికిరాదు. అమ్మే మనిషి ఈ తతంగానికి మొహం మాడ్చవచ్చు. మాడ్చుకోనివ్వండి, రేపు తోసుకోవాల్సింది అతను కాదు.

కొన్నాక మొదటి పని, ఖాళీగా ఉన్న తారు మైదానం ఒకటి వెతుక్కోవడం. మనిషి నడిచే వేగంలో బండిని నిలబెట్టేవి క్లచ్, యాక్సిలరేటర్, వెనక బ్రేకు. యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి అక్కడే ఉంచాలి. వేగాన్ని క్లచ్‌తోనే అదుపు చేయాలి, అదీ పట్టీపట్టని ఆ కాస్త మేరలోనే. వెనక బ్రేకును లేతగా తొక్కిపెట్టి ఉంచితే ఇంజను ముందుకు లాగుతూ, బ్రేకు వెనక్కి పట్టి, బండి బిగువుగా నిలుస్తుంది. చాలా క్రూజర్లలో క్లచ్ నూనెలో మునిగి ఉంటుంది కాబట్టి ఈ సాధన తట్టుకుంటుంది. ఆర్18లో ఉన్నది పొడి క్లచ్, దాన్ని ఎక్కువసేపు ఇలా నడిపితే కాలుతుంది. చూపు సంగతి మరవకండి. ముందు చక్రం వంక చూశారా, బండి అక్కడే కూలబడుతుంది. వెనక్కి మళ్లేటప్పుడు గడ్డాన్ని భుజం మీదికి తిప్పి, చేరాల్సిన చోటునే చూడాలి.

హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు మాత్రం ముందు బ్రేకు జోలికి పోవద్దు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కుంగుతుంది, బరువంతా మలుపు లోపలికి ఒరుగుతుంది, ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాదు. ఈ బండ్లు సాధారణంగా పడేది ఇలాగే, ఆగబోతున్న క్షణంలో, పది మంది చూస్తుండగా. పడిపోతున్న బండిని పట్టి ఆపాలని చూడకండి, నడుము పోతుంది. వదిలేసి పక్కకు తప్పుకోండి. ఇంజను గార్డు, వెనక పెట్టెల గార్డు ఉంటే బండి పూర్తిగా పడుకోదు, లేపడమూ తేలిక. వాటి దగ్గర పొదుపు చేస్తే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లే.

లేపడానికి బలం కన్నా పద్ధతి ముఖ్యం. ఇంజను ఆపి, బండిని గేరులో ఉంచండి. కుడివైపు పడితే సైడ్ స్టాండు ముందే దించి పెట్టుకోండి, లేకపోతే లేపిన ఊపులో అవతలివైపు పడేస్తారు. హ్యాండిల్‌ను బండి పడిన వైపుకే పూర్తిగా తిప్పండి. బండికి వీపు చేసి గొంతుక్కూర్చుని, పిరుదులు సీటు అంచుకు ఆనించండి. ఒక చేత్తో కిందున్న హ్యాండిల్ పిడి, ఇంకో చేత్తో వెనక కమ్మీ పట్టుకోండి. వీపు వంచకుండా, కాళ్లతో నెడుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయండి.

ఆపేటప్పుడు బండి ముక్కును పల్లం వైపు పెట్టకండి. తిరిగి వెనక్కి లాగడం ఒంటరి మనిషికి అసాధ్యం. గోల్డ్‌వింగ్‌కు 1988లో రివర్సు వచ్చింది, స్టార్టర్ మోటారుతో పనిచేసేది. అప్పట్లో నవ్విన వాళ్లూ ఉండి ఉంటారు. నాకైతే రేడియో కన్నా అదే విలువైన సౌకర్యం.

ఇక బ్రోషర్లలో కనపడని ఇబ్బందులు. గాలితో చల్లబడే వీ-ట్విన్‌లో, అంటే రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజనులో, వెనక సిలిండరు సరిగ్గా తొడ కింద ఉంటుంది, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే వేడి తెలుస్తుంది. కొన్ని హార్లీ-డేవిడ్సన్లు, ఇండియన్ అనే అమెరికా కంపెనీ బండ్లు ఆగి ఉన్నప్పుడు వెనక సిలిండరును ఆపేసేది ఇందుకే. గుంతల్లో ఇంకో బాధ. పాదాలు ముందుకు చాచి కూర్చుంటాం కాబట్టి సీటు మీంచి లేవలేం. వెనక సస్పెన్షన్ కూడా కురచ, దెబ్బ నేరుగా వెన్నుపూసకే. మలుపుల్లో చాలా క్రూజర్లు 30 డిగ్రీలు ఒరిగేసరికి ఫుట్‌బోర్డు రోడ్డును గీరుతుంది. ఉలిక్కిపడి బండిని నిటారుగా లేపితే రోడ్డు దాటిపోతారు. వేగం మలుపుకు ముందే తగ్గించుకోవాలి.

సామాను విషయంలో ఒకటే మాట: బరువైనవి పక్క పెట్టెల్లో, రెండువైపులా సమానంగా. వెనక పై పెట్టెలో రెయిన్‌కోటు లాంటి తేలికవే పెట్టండి. అది వెనక ఇరుసుకు అవతల ఉంటుంది, అక్కడ బరువు పెరిగితే ముందు చక్రం తేలికపడి హ్యాండిల్ ఊగుతుంది. విండ్‌షీల్డు పై అంచు మీ ముక్కు ఎత్తుకు రావాలి. దాని మీదుగా చూడాలే గానీ దానిలోంచి కాదు, రాత్రి వానలో తేడా తెలుస్తుంది. ఎదురుగాలి కన్నా పక్కగాలి ఎక్కువగా ఉండే దారులైతే, ఫోర్కుకు బిగించిన ఫెయిరింగ్ (గాలిని అడ్డుకునే ముందు తొడుగు) కన్నా హార్లీ రోడ్ గ్లైడ్‌లా ఫ్రేముకు బిగించినది ఎంచుకోండి. గాలి తోపు హ్యాండిల్‌కు రాదు.

రోజూ ఊళ్లోనే తిరిగేవాళ్లకు నేను ఈ బండి చెప్పను, రెండు వందల కిలోల క్రూజర్ చాలు. దూరాలు పోయేవాళ్లు మాత్రం పాతదైనా కొనవచ్చు. ఇలాంటివి తక్కువ తిరిగి, ఎక్కువ కాలం నిలబడి ఉంటాయి. గార్డు అడుగున గీతలుంటే కంగారు పడకండి, నిలబడ్డ చోట పడిందని అర్థం. హ్యాండిల్, ఫోర్కు తిన్నగా ఉన్నాయో చూసుకుని, టైరు పక్క గోడ మీది నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైంది. పళ్లు నిండుగా కనపడినా ముసలి టైర్లే, రెంటి ఖరీదూ బేరంలో తగ్గించమనండి.