హారర్ సినిమా రివ్యూ రాసేముందు ఒకసారి మ్యూట్ చేసి చూడండి

హారర్ సినిమా చూశాక రివ్యూ రాద్దామని కూర్చుంటే చాలాసార్లు "భలే భయమేసింది" దగ్గరే ఆగిపోతాం. భయపెట్టింది సన్నివేశమా, ఒక్కసారిగా పెంచిన సౌండా అన్నది తేలదు.

ఓటీటీలో చూసేటప్పుడు ఉలిక్కిపడ్డ చోటల్లా నిమిషం అంకె మాత్రం కాగితం మీద రాసుకోండి. సినిమా అయ్యాక వాటిలో మూడింటిని ఎంచుకుని, ఒక్కోదానికి రెండు నిమిషాలు వెనక్కి వెళ్లి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. అప్పుడూ టెన్షన్ ఉంటే కెమెరా, ఎడిటింగ్, నటన బాగా పనిచేసినట్టే. ఏమీ అనిపించకపోతే అదే ముక్కను కళ్లు మూసుకుని వినండి. నిశ్శబ్దాన్ని ఓపిగ్గా పెంచుకుంటూ వచ్చారా, ఉత్త మోతేనా అన్నది ఇక్కడ బయటపడుతుంది. మొత్తం పావుగంట పని. రివ్యూలో రాయడానికి కచ్చితమైన మాటలు దొరుకుతాయి, నచ్చని సినిమాకి కూడా న్యాయం చేయగలుగుతాం.

అయితే మ్యూట్‌లో తేలిపోయిందని సన్నివేశాన్ని వెంటనే కొట్టిపారేయకండి. 'సైకో' (1960)లో షవర్ సన్నివేశానికి సంగీతం వద్దని దర్శకుడు హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు విన్నాక మనసు మార్చుకున్నాడు. శబ్దమే కథైన 'ఎ క్వైట్ ప్లేస్' (2018) లాంటి వాటికి ఈ పద్ధతి అసలు పనికిరాదు. భూకంపం, వరద సినిమాలకైతే నేను వేరేది చూస్తాను: గందరగోళం మధ్యలో పాజ్ చేసి, ఎవరు ఎక్కడున్నారో, ఎటు పోవాలో చెప్పగలనా అని.