ఏఐ కొనుక్కోవాలా, సొంతంగా చేయించుకోవాలా?

ఏఐ అనగానే చాలామంది ముందు రేటెంత అని అడుగుతారు. అది తర్వాత. ముందు ఒక్క పని తేల్చుకోండి. గుంటూరులో మిర్చి కమీషన్ కొట్టు ఉందనుకుందాం. "తేజ రకం మిర్చి ఎంత పలికింది, నా టిక్కీలు (బస్తాలు) అమ్ముడయ్యాయా" అని రైతులు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెడుతుంటారు. వాటికి వెంటనే సరైన జవాబు వెళ్లాలి, అంతే పని.

పాత మెసేజ్‌లు ఓ రెండొందలు తీసి, ఒక్కోదానికి మీ గుమాస్తా ఏం చెప్తాడో పక్కన రాయించండి. డెమో ఇవ్వడానికి ఎవరొచ్చినా వాళ్ల శాంపిల్స్ పక్కన పెట్టించి, ఇవే వాళ్ల సాఫ్ట్‌వేర్‌కి వినిపించమనండి. 334 అన్నది మిర్చి రకం అని తెలియని సాఫ్ట్‌వేర్ దాన్ని బస్తాల లెక్క అనుకుంటుంది, అక్కడే దొరికిపోతుంది.

మాటను అక్షరాల్లోకి మార్చే మోడల్, భాషను అర్థం చేసుకునే మోడల్ మీరు మొదటినుంచీ తయారు చేయించొద్దు. ఓపెన్‌ఏఐ 2022లోనే మాటను అక్షరాల్లోకి మార్చే విస్పర్‌ మోడల్‌ని ఎవరైనా వాడుకునేలా ఇచ్చేసింది, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ తెలుగు మోడళ్లు విడుదల చేసింది, కేంద్ర ప్రభుత్వానిది భాషిణి అనే భారతీయ భాషల ఏఐ వేదిక ఉంది. ఇన్నుండగా లక్షలు పోసి మళ్లీ అదే చేయిస్తామనేవాళ్లను నమ్మకండి.

మీరు చేయించుకోవాల్సింది బయట ఎవరూ అమ్మనిది, అంటే మీ లాట్ల లెక్క, రైతు ఖాతా, ఆ రోజు ధర, ఈ మెసేజ్‌లకి జవాబిచ్చే ప్రోగ్రాముకి (బాటుకి) కలిపే చిన్న ముక్క. ధర మోడల్ ఊహించి చెప్పకూడదు, మీ పుస్తకంలోంచే తీయాలి, అందులో లేకపోతే గుమాస్తాకి ఫోన్ కలపాలి. తప్పు రేటు విని రైతు సరుకు అమ్మేసుకుంటే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

ఖర్చు లెక్క కూడా మీ మెసేజ్‌లతోనే వేయండి, ఎందుకంటే చాలా మోడళ్లలో ఇంగ్లీషు కంటే తెలుగుకి టోకెన్లు (మోడల్ మాటల్ని విడగొట్టుకునే ముక్కలు, బిల్లు సాధారణంగా వీటి లెక్కనే) ఎక్కువ పడతాయి. కొనేటప్పుడు, మానేస్తే మా డేటా మొత్తం తిరిగిస్తారా, మీ దగ్గర చెరిపేస్తారా అని రాతపూర్వకంగా అడగండి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం పని బయటివాళ్లకి అప్పగించినా బాధ్యత మీదే. సొంతంగా చేయిస్తే, చేసిన కుర్రాడు ఉద్యోగం మారాక ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి, ఆ పేరు దొరకకపోతే కొనడమే నయం.

మొదటి నెల ప్రతి జవాబూ గుమాస్తా చూశాకే పంపండి. కొన్న సాఫ్ట్‌వేర్‌ రోజూ ఒకేచోట తప్పుతోంది, అమ్మినవాళ్లు సరిచేయట్లేదు అంటే, ఆ ఒక్క ముక్క వరకే సొంతంగా చేయించుకోండి.