కుట్టు మిషన్ దగ్గర పది ఆజ్ఞలు: మరిచిపోయిన కాటకిజం మళ్లీ నేర్చుకోవడం ఎలా

మా అమ్మమ్మకు చదువు రాదు, కానీ జర్మనీలో చర్చి సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథరు రాసిన చిన్న కాటకిజం, అంటే బైబిల్లోని పది ఆజ్ఞల్లాంటి పాఠాల్ని ప్రశ్నలు, జవాబులుగా నేర్పే పుస్తకం, మొత్తం నోటికి వచ్చు. పొద్దుగూకాక మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి "మొదటి ఆజ్ఞ ఏమిటే?" అనేది. "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు" అని అరిచేవాళ్లం. "అంటే?" అనేది. అన్నిటికంటే ఎక్కువగా దేవునికి భయపడాలి, ఆయన్ను ప్రేమించాలి, ఆయన్నే నమ్ముకోవాలి. ఆ "అంటే"కి జవాబు చెప్పాకే అన్నం.

మాది గుంటూరు వైపు. 1842లో అమెరికా మిషనరీ హయ్యర్ గారు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘం మాది. పెళ్లయి, టైలరింగ్ షాపు పెట్టుకున్నాక ఆ పాఠాలన్నీ మరిచిపోయాను. ఆదివారం చర్చికి వెళ్లేదాన్నే, సోమవారం నుంచి మాత్రం నా ఇష్టమే నడిచేది. మీకూ అలాగే ఉంటే నేను చేసినట్టు చేసి చూడండి.

ముందు ఆ పుస్తకం సంపాదించండి. సంఘంలో పెద్దవాళ్ల ట్రంకు పెట్టెల్లో ఇంకా ఉంటుంది. ఊళ్లలో జనానికి ప్రాథమిక విషయాలు కూడా తెలియవని చూసి, బాధపడి లూథరు 1529లో దీన్ని రాశాడు. ఇంటి పెద్ద ఇంట్లోవాళ్లకు చెప్పుకోవాలని రాసింది కాబట్టి మాటలు చాలా తేలిక. అయినా ఒకేసారి చదివేయకండి. వారానికి ఒక్క ఆజ్ఞ చాలు. పొద్దున్నే నోరు తెరిచి పైకి చెప్పండి, తర్వాత "అంటే?" అని మిమ్మల్ని మీరే అడగండి. మా లెక్కలో "దొంగిలకూడదు" ఏడోది, బాప్టిస్టుల లెక్కలో ఎనిమిదోది. దాని గురించి వాదించుకోవద్దు.

తర్వాత ఆ ఆజ్ఞను మీ చేతిలో ఉన్న పని మీద పెట్టి చూడండి. అసలు కష్టం ఇక్కడే.

ఏడో ఆజ్ఞ వారంలో నాకు ఏమైందో చెబుతాను. పొరుగువాడి డబ్బు, వస్తువులు తీసుకోకూడదు, నాసిరకం సరుకుతోనో మోసంతోనో సంపాదించకూడదు, పైగా అతని సొత్తు, బతుకుతెరువు బాగుపడేలా సాయం చేయాలి అని అక్కడ ఉంది. అది చదివి మిషన్ కింది సొరుగు లాగాను. పట్టు ముక్కలు. జానెడు గుడ్డ, ఒక పక్క జరీ అంచు. జాకెట్లు కత్తిరించగా మిగిలినవి, మనవరాలి గౌనుకు అంచు వేద్దామని దాచుకున్నవి. ఎవరూ అడగలేదు కదా అని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాను. వాళ్లు అడగకపోతే అవి నావి అవుతాయా?

పదకొండు ముక్కలు ఎవరివో గుర్తొచ్చాయి. ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఇంటింటికీ వెళ్లి ఇచ్చాను. "ఈ మాత్రానికి ఇంత దూరం వచ్చావా వదినా" అంది ఒకావిడ. ఇంకొకావిడ ముఖం మారిపోయింది, మళ్లీ నా షాపుకు రాలేదు. అదీ నేను భరించాల్సిందే. ఇప్పుడు కొలతలు తీసుకునేటప్పుడే "మిగిలిన గుడ్డ కవర్లో పెట్టి ఇస్తానమ్మా" అని చెబుతున్నాను.

మీకు సొరుగు ఉండకపోవచ్చు. తూకం కాటా ఉంటుంది, ఆఫీసు బిల్లులు ఉంటాయి, అన్నదమ్ముల మధ్య గట్టు ఉంటుంది. అక్కడ వెతకండి.

దేవునికి మొదట ఇవ్వడం అలవాటు కావాలంటే పిడికెడు బియ్యంతో మొదలుపెట్టండి. ఎసట్లో పోసేముందే ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేయాలి, వండి మిగిలాక కాదు. ఆదివారం చర్చికి తీసుకెళ్లాలి. అమ్మమ్మ ఇంట్లో గింజలు కరువైన రోజుల్లో కూడా ఇది మానలేదు. నెలాఖరు టెన్షన్‌లో ఆ పిడికిలి చిన్నదైపోతుంది. గమనించుకోండి.

ప్రార్థనలో మీకు కావాల్సింది దాచకుండా అడగండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా గిన్నె, అంటే రాబోయే బాధ, తొలగించమనే తండ్రిని అడిగాడు. అడిగాకే "అయినను నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించును గాక" అన్నాడు. నేను షాపు అద్దె గురించి, మా అబ్బాయి ఉద్యోగం గురించి అడిగి, చివర ఆ మాట మెల్లగా చెబుతాను. కొన్ని రాత్రులు నోరు రాదు. వచ్చేదాకా మోకాళ్ల మీదే ఉంటాను.

ఈ వారం నాది ఎనిమిదో ఆజ్ఞ, అబద్ధసాక్ష్యం. పొరుగువారి గురించి మంచే మాట్లాడాలని కూడా అందులో ఉంది. షాపులో ఎవరైనా పక్కింటి కోడలి ఊసెత్తితే, ఆ అమ్మాయిలో నాకు తెలిసిన ఒక మంచి విషయం చెప్పి, టేపు అందుకుని "చేతులు చాపమ్మా" అంటున్నాను.