సెలవుల్లో మా వాడు చదువు మరిచిపోకుండా ఏం చేశానంటే

పోయినేడు జూన్‌లో బడి తెరిచేసరికి మూడో తరగతికొచ్చిన మా వాడికి అప్పు తెచ్చుకునే తీసివేతలు పూర్తిగా పోయాయి, ఒత్తులున్న మాట కనిపిస్తే చాలు ఆగిపోయేవాడు. చాలా బాధేసింది. సెలవుల కోసం కొన్న వర్క్‌బుక్ మొదటి వారం తర్వాత తెరవనే లేదు.

అందుకే ఈసారి అది కొనలేదు. పొద్దున్నే ఎండ ముదరకముందు కూరగాయలకు వెళ్లేటప్పుడు చీటీ వాడితోనే రాయించాను. ‘పచ్చిమిరపకాయలు’ రాయడానికి మొదటిరోజు మూడుసార్లు కొట్టేశాడు. 64 రూపాయలైతే వందకు చిల్లర ఎంతో బండి దగ్గరే చెప్పాలి. మొదట్లో 46 అనేవాడు, పాపం ఆ బండి అవ్వ ఓపిగ్గా నాణేలు వాడి చేతిలో పెట్టి లెక్కపెట్టించేది. రెండు వారాలకి నాకంటే ముందే 36 అనేశాడు, ఆ రోజు నా ఆనందం ఇంతా అంతా కాదు!

ఆవకాయ పెట్టినప్పుడు కారం, ఉప్పు, ఆవపిండి కొలిచింది కూడా వాడే, అర, పావు అక్కడే పట్టుబడ్డాయి.

రాత్రి పావుగంట కథ. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా, స్థాయిలవారీగా ఉంటాయి. పిల్లల స్థాయికంటే ఒక మెట్టు కిందనుంచి మొదలుపెట్టండి, లేకపోతే రెండో రోజే విసుగొచ్చేస్తుంది. ఒక పేజీ నేను, ఒక పేజీ వాడు. మిగతా రోజంతా ఆటలే, అందులో నేను వేలు పెట్టలేదు.